అనంతయ్య మీద ఎనిమిది పేజీలు

అనంతయ్య పోయాడని రాములు మామ ఫోన్ చేసినప్పుడు నేను మణికొండలో మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో నిలబడి, ఒక పాత నవలలోని మేనత్త పాత్రను పదిహేనుమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు విప్పి చెబుతున్నాను. ఆదివారం పొద్దున పదింటికి జరిగే ఈ కార్యక్రమానికి అసోసియేషన్ వాళ్ళు పెట్టిన పేరు సాహిత్య సమాలోచన. మా ఆవిడ పెట్టిన పేరు టిఫిన్ అరుగుదల. డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి రిటైరైన మనిషికి తలుపు వేసుకుని వెళ్ళిపోకుండా వినేవాళ్ళు దొరకడం మామూలు విషయం కాదు కనుక, ఆ గంటన్నర నేను ఫోన్ ముట్టుకోను. కానీ మామకు ఎనభై దాటాయి. ఆ వయసువాళ్ళ ఫోన్ ఎత్తకపోవడం మంచిది కాదు. మామ వాన పడ్డా, మనిషి పోయినా ఒకే గొంతుతో చెబుతాడు. "చేవెళ్ళ దిక్కు అనంతయ్య లేడూ, కరెంటాయన, పోయిండు. నీకు యాదికున్నడో లేడో" అన్నాడు.

యాదికి లేకపోవడమేమిటి. ముప్పై అయిదేళ్ళుగా నేను గుండెలో మోస్తున్న మనిషి అతను. ఆ రోజు మేనత్తను సగంలో వదిలేసి క్లాసు ముగించాను. ముందు వరసలో కూర్చునే అమ్మాయి దగ్గరకు వచ్చి, దగ్గరి బంధువా సర్ అని అడిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, అంతకంటే ఎక్కువేనమ్మా అన్నాను. ఆ మాట అనేటప్పుడు గొంతు ఎంత తగ్గించాలో, తుడుచుకున్న అద్దాలు ఎంతసేపటికి పెట్టుకోవాలో నాకు బాగా తెలుసు. పాత్రల గురించి అన్నేళ్ళు చెప్పినవాడికి ఆ మాత్రం అభినయం అబ్బకుండా ఉంటుందా.

అనంతయ్యకూ నాకూ ఉన్న సంబంధం చెప్పాలంటే ముందు ఖాజాగూడలోని మా ఇంటి సంగతి చెప్పాలి. ఇప్పుడు చెరువు చుట్టూ నడకదారి వేశారు, సెలవురోజుల్లో కుర్రాళ్ళు తాళ్ళు కట్టుకుని బండలెక్కుతున్నారు. ఆ బండల్నే కొట్టి బతికినవాడు మా నాయిన. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మడతల్లో తెల్లటి రాతిపొడి ఉండేది. పెరట్లో రెండు బిందెల నీళ్ళు పోసుకుంటే గానీ మా నాయిన మా నాయినలా కనిపించేవాడు కాదు. అమ్మకు రెండు బర్రెలు. తెల్లవారకముందే పాలు పిండి, పేడ ఎత్తి, ఆ చేతులు బూడిదతో తోముకుని జొన్నరొట్టెలు తట్టడానికి కూర్చునేది. నేను నిద్రలేచేది ఆ చప్పుడుకే. కట్టెల పొగ, మాడిన జొన్నపిండి, పచ్చి పాలు, కొట్టంలోంచి వచ్చే తడి గడ్డి వాసన, ఇవన్నీ కలిసి మా ఇంటి వాసన. రాత్రి తిండి దగ్గర నాయినకు ఒక పట్టుదల ఉండేది. నలుగురం కూర్చోవాలి. అమ్మ ఇంకో రొట్టె కాల్చి వస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. ఆమె వచ్చి కంచం ముందు కూర్చునేదాకా రొట్టె తుంచేవాడు కాదు, మమ్మల్ని తుంచనిచ్చేవాడు కాదు. ఆకలితో నేను గొణిగేవాణ్ణి. ప్రపంచంలో అన్ని ఇళ్ళలోనూ ఇంతే కాబోలని అనుకునేవాణ్ణి.

అక్క పేరు సుగుణ. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. పదో తరగతితో ఆపించి కుట్టుమిషన్ కొనిచ్చారు. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. టేపు మెడలో వేసుకుని, నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని పనిచేసుకునేది. సూదులున్నంతసేపూ మాట్లాడేది కాదు. అవి తీశాక కూడా పెద్దగా మాట్లాడేది కాదు. ఆమెకు చెప్పుకోదగ్గ అభిప్రాయాలేమీ లేవని నేను అప్పట్లోనే తేల్చేశాను.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మాకు నవల, నాటకం చెప్పే మాస్టారు గుంటూరు వైపు నుంచి వచ్చినాయన. "మనిషి ఏ పనీ ఊరికే చేయడండి. కథలో గానీ, బయట గానీ. ప్రతి కదలికకూ లోపల ఒక కారణం ఉంటుందండి" అనేవారు. తక్కిన విద్యార్థులు ఈ మాటను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని ఊరుకున్నారు. నేను మాత్రం ఆయన 'కథలో' అన్నది వదిలేసి 'బయట' అన్నది పట్టుకున్నాను. రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, అట్ట మీద 'పాత్రలు' అని రాసి, ఇంట్లోవాళ్ళను వరసగా ఎక్కించడం మొదలుపెట్టాను. నాయిన, సంఘర్షణ లేని పాత్ర. అమ్మ, మొదటినుంచి చివరిదాకా మారని పాత్ర. అక్క, సహాయ పాత్ర, రెండే వాక్యాలు. నా గురించి మాత్రం పదకొండు పేజీలు వచ్చాయి. సంక్లిష్టమైన పాత్ర కదా. ఒక రోజు ఇవన్నీ పైకి చదువుకుంటుంటే అమ్మ బోళ్ళు తోముతూ విన్నది. "ఏంది బిడ్డా, పొద్దుగాల్నుంచి పాత్రలు పాత్రలంటున్నవ్. తోముడు నాది, రాసుడు నీదా?" అన్నది. నాకు నవ్వు రాలేదు. అమాయకత్వం అని మార్జిన్‌లో రాసుకున్నాను.

మా వాడకంతా ఒకే టీవీ, లింగం ఇంట్లో ఉండేది. ఆదివారం సాయంత్రం సినిమాకు చాపలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఒకసారి ఒక నలుపు తెలుపు సినిమా వచ్చింది. అందులో ఒక ధాన్యం వ్యాపారి ఉంటాడు. నోరు విప్పడు. ఎవరి కొంపైనా ముంచే ముందు భుజం మీది కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, మోకాలి మీద పెట్టుకుంటాడు. అంతే, ఆ తర్వాత ఎవరో ఒకరు ఊరు విడిచిపోతారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మౌనం, మడత, క్రౌర్యం, ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని తెలుగుదేశంలో మొదట కనిపెట్టినవాణ్ణి నేనేనని నమ్మి, మాస్టారికి చూపించడానికి ఒక వ్యాసం రాశాను. చివరి వాక్యం ఇప్పటికీ గుర్తుంది. 'బట్టను ఇంత శ్రద్ధగా మడతపెట్టేవాడు మనుషుల్నీ మడతపెడతాడు.' మాస్టారు చదివి, చేతిరాత బాగుందండి అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాములు మామ అక్కకు అనంతయ్య సంబంధం తెచ్చాడు. చేవెళ్ళ దగ్గర ఊరు, కరెంటు ఆఫీసులో హెల్పరు, ఇద్దరు తమ్ముళ్ళు, తల్లీ తండ్రీ ఉన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో అతన్ని కూర్చోబెట్టారు. తెల్ల చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. కూర్చోగానే జేబులోంచి చేతిరుమాలు తీసి, ముఖం తుడుచుకుని, ఒకటి, రెండు, మూడు, నాలుగు మడతలు పెట్టి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నా ఒళ్ళు జలదరించింది. నోటుబుక్కు తెచ్చుకుని ఎదురుగా గడప మీద కూర్చున్నాను. తల్లి మాట్లాడింది, మామ మాట్లాడాడు, అతను మాత్రం నోరు విప్పలేదు. ఎంత పొలముందని నాయిన అడిగితే తల్లే చెప్పింది. నేనిక ఉండబట్టలేక, మీకు లోపల సంఘర్షణ ఏమైనా ఉంటుందా అని అడిగాను. అతను తల్లి వైపు చూశాడు, మామ వైపు చూశాడు. చివరికి, "అసొంటిదేం లేదు. ఒంట్ల మంచిగనే ఉంటది" అన్నాడు. ఆ రోజు అతను మా అందరి ముందూ మాట్లాడింది ఆ ఒక్క మాటే. తప్పించుకునే స్వభావం అని రాసుకున్నాను. తర్వాత అందరూ తిన్నారు, అతను చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆ కాస్త వ్యవధి దొరికిందని సంతోషించి గబగబా ఇంకో రెండు పేజీలు నింపాను. మొత్తం ఎనిమిదయ్యాయి.

వాళ్ళు వెళ్ళాక నాయినను కూర్చోబెట్టి ఎనిమిది పేజీలూ చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. లోతుగా ఆలోచిస్తున్నాడనుకున్నాను. అంతా అయ్యాక తువ్వాల దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. కానీ రెండు రోజుల తర్వాత మామ జవాబు కోసం వచ్చినప్పుడు నాయిన ఏమన్నాడో తలుపు చాటునుంచి నా చెవులతో నేను విన్నాను. "మా పిలగాడు సదువుకున్నోడు. వానికి మనసొప్పుతలేదు. ఇడిసిపెట్టు బావా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన గర్వం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. విమర్శకు ఇంత బలముంటుందా అనుకున్నాను. ఒక్క పాఠకుడు, ఒక్క పఠనం, ఒక పెళ్ళి ఆగిపోయింది.

ఆ గర్వం నాలుగైదేళ్ళు నిలిచింది. అక్కకు మరుసటి ఏడే మా ఊళ్ళోనే లారీల షెడ్డున్న మెకానిక్కుతో పెళ్ళయింది. నాకు పరీక్షలుండటం వల్ల బావను విశ్లేషించే అవకాశం దొరకలేదు. బహుశా అందుకే ఆ కాపురం చల్లగా సాగింది. తర్వాతెప్పుడో మామ మాటల మధ్యలో, ఆ అనంతయ్య బంగారం లాంటి మనిషనీ, నాలో ఏం తక్కువైందని పాపం అడిగాడనీ అన్నాడు. అప్పుడు మొదలైంది నా పశ్చాత్తాపం. అది కూడా గర్వం లాగే బాగా పెరిగింది. ఒక మంచివాడి జీవితాన్ని, మా అక్క రాతను, నా మిడిమిడి చదువుతో మార్చేశానన్న బాధతో 'మడత' అనే వ్యాసం రాశాను. నాకు పేరంటూ తెచ్చింది అదే. సభల్లో చదివితే వెనక వరసల్లో ముక్కులు చీదుకునే చప్పుడు వినిపించేది. వ్యాసం చివర అనంతయ్య సాయంత్రపు వెలుతురులో, ఏదో ఊరి పొలిమేరలో, కరెంటు స్తంభం కింద ఒంటరిగా నిలబడి ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ విషయం నాకెవరూ చెప్పలేదు. అక్కడ అలా ఉంటే బాగుంటుందనిపించింది.

కబురు తెలిసిన మర్నాడు ఆటో ఎక్కి అక్క దగ్గరకు బయలుదేరాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. ముందు చేయి పట్టుకోవాలి. కాసేపు ఆగాలి. తర్వాత పేరు చెప్పాలి. మా పాత ఇంటి చోట ఇప్పుడు నాలుగంతస్తులున్నాయి. పై మూడూ ఆఫీసులకు వెళ్ళే పిల్లలకు కిరాయికిచ్చి, అక్కా బావా కింద ఉంటున్నారు. వీధి చివర నిలబడి చూస్తే చెరువు కంటే ముందు అద్దాల మేడలు కనిపిస్తాయి. అప్పట్లో ఆ దిక్కున ఎవరైనా మనిషి నడిచి వస్తుంటే అరమైలు దూరం నుంచే నడక పట్టి ఎవరో చెప్పేవాళ్ళం. ఇప్పుడు అక్క పై అంతస్తుల పిల్లలను హెల్మెట్ రంగును బట్టి గుర్తుపడుతుందట. అక్క వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నది. చేయి పట్టుకోబోతే చేట అడ్డం వచ్చింది. పక్కనే కూర్చుని, తగినంత ఆగి, అనంతయ్య పోయాడక్కా అన్నాను.

"ఏ అనంతయ్య?"

చెప్పాను. చేవెళ్ళ దిక్కు నుంచి నిన్ను చూడడానికి వచ్చాడు కదా అన్నాను. నన్ను చూడడానికి నలుగురో అయిదుగురో వచ్చారు, అందులో ఎవరని అడిగింది. కరెంటు ఆఫీసు అన్నాక కాసేపు కాయ చేతిలో పట్టుకుని ఆలోచించి, ఆఁ గాయననా, పాపం అన్నది. మళ్ళీ వలవడం మొదలుపెట్టింది.

అది సహనం అనుకున్నాను. లోపలి దుఃఖాన్ని కాయల్లోకి మళ్ళిస్తున్నదనుకున్నాను. ముప్పై అయిదేళ్ళుగా గొంతులో దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టాను. ఆ సంబంధం నా వల్లే తప్పిపోయిందనీ, ఎనిమిది పేజీలు చదివి నాయిన మనసు విరిచింది నేనేననీ, నన్ను క్షమించమనీ అడిగాను. అక్క నా ముఖంలోకి చూసింది. జ్వరమేమైనా వచ్చిందా అన్నట్టు చూసింది.

"నువ్వు గా దినం ఇంట్ల ఉన్నవా?" అన్నది.

ఎదురుగా గడప మీదే కూర్చున్నానని చెప్పాను. ఆమెకు గుర్తులేదు. నోటుబుక్కు గుర్తులేదు, నేనడిగిన ప్రశ్న గుర్తులేదు. మరి నాయిన మామతో నా పేరే చెప్పాడు కదా, నేను విన్నాను అన్నాను.

"వద్దన్నది నేను. పిల్ల వద్దన్నదంటే ఊళ్ళె మంచిగుండదని నాయిన నీ పేరు చెప్పిండు" అన్నది. "చేతులు కడుక్కోనీకి వస్తె నీళ్ళు పోసిన. అప్పుడే అడిగిన, మీ ఇంట్ల ముందుగల ఎవరు తింటరని. మొగోళ్ళం తిన్నంక ఆడోళ్ళు తింటరు, అందరిండ్లల్ల గంతే గదా అన్నడు. అబద్ధం చెప్పలె. మంచోడే. కని నాకొద్దనిపిచ్చింది."

నేను గడప మీద కూర్చుని రెండు పేజీలు నింపుతున్నప్పుడు గోడకు అవతల జరిగింది అది. నా విమర్శ బలం, నా గర్వం, నా పశ్చాత్తాపం, నా వ్యాసం, వెనక వరసల్లో చీదిన ముక్కులు, అన్నీ ఒక చెంబెడు నీళ్ళు పోసినంతసేపట్లో కొట్టుకుపోయాయి. ఆ కథలో నేను విలన్ను కాను, పశ్చాత్తాపం పొందిన నాయకుణ్ణీ కాను. నా పేరు మా నాయిన ఒకసారి వాడుకున్నాడు, అంతే. నాకు బాధ కలగాలి. కలిగింది కూడా, కానీ నేను తప్పు చేయలేదని తెలిసినందుకు కాదు. తప్పు చేసేంత వాణ్ణి కూడా కానని తెలిసినందుకు. నా గురించి పదకొండు పేజీలు రాసుకున్న మనిషికి ఇది మింగుడుపడే విషయం కాదు.

అక్క చేట దులిపి లేస్తూ, ఆయన పెండ్లాం పిల్లలు ఎట్లున్నరు మరి అని అడిగింది. ఆయనకు పెళ్ళయిందా అని నోరు జారాను. అక్క ఆగి, మెల్లగా అన్నది. "మనం వద్దంటే వాళ్ళు గట్లనే కూసుంటరా తమ్మి?"

అక్కడినుంచే మామకు ఫోన్ చేశాను. భార్య ఉన్నదట, ఇద్దరు ఆడపిల్లలట, చిన్నామె కొత్తగూడలో ఉంటుందట, ఇప్పుడు తల్లి అక్కడే ఉన్నదట. ఇవన్నీ నేనెప్పుడూ అడగలేదేమని మామ అడగలేదు. నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ముప్పై అయిదేళ్ళు ఒక మనిషి కోసం కుమిలిపోయాను, అతను ఎలా ఉన్నాడని ఒక్క ఫోన్ చేయలేదు. ఫోన్ చేసి ఉంటే వ్యాసం పాడయ్యేది. పోయి పలకరించి రా, ఆయనతోని నాకంటే నీకే ఎక్కువ ఉండె గదా అని అక్క నవ్వకుండా అన్నది.

కొత్తగూడలో ఫ్లైఓవర్ పక్క సందులో మూడో అంతస్తు. కూతురు తలుపు తీసి, ఆఫీసు మీటింగులో ఉన్నానని సైగ చేసి లోపలికి వెళ్ళింది. గోడకు ఆనించి పెట్టిన ఫోటోలో దండ వెనక ఒక లావుపాటి మనిషి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. నేనెరిగిన అనంతయ్యతో ఒక్క పోలికా లేదు. అనంతయ్య భార్య మంచినీళ్ళిచ్చి, మీరెవరని అడిగింది. చాలా ఏళ్ళ కింద మా ఇంటికి ఒకసారి వచ్చాడమ్మా అన్నాను. "కరెంటు పని మీదనా?" అన్నది. అట్లాంటిదే అన్నాను. నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్పడానికి నా దగ్గర నిజమంటూ ఏమున్నదో కూడా తెలియలేదు.

ఆమె చెబుతూ పోయింది. సినిమా పెడితే సగంలో గురకపెట్టి, చివర్లో లేచి ఏడ్చేవాడట. చేపల పులుసు తనే వండేవాడు, ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. లిఫ్టు దగ్గర చెప్పులు విడిచిన వాళ్ళతో రోజూ తగువు. పెద్ద కూతురి పెళ్ళిలో అప్పగింతలప్పుడు కనిపించకుండా పోతే జనరేటరు దగ్గర దొరికాడట. నేను అలవాటు కొద్దీ వీటిని ఒక వరసలో పేర్చి చూడబోయాను. పులుసు ఒక దిక్కు, చెప్పులు ఒక దిక్కు పోయాయి. మనిషి ఎక్కడా ఒక అర్థానికి కుదురుకోలేదు.

మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన పెద్దగా మాట్లాడినట్టు గుర్తులేదమ్మా అని ఉండబట్టలేక అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది.

"ఆయననా? నన్ను చూడనీకి వచ్చిన నాడు గూడ నోరు తెరవలె సార్. మాట్లాడితె ఎవ్వరు పిల్లనియ్యరని వాళ్ళమ్మ ఒట్టు పెట్టిచ్చుకున్నదట. పెండ్లయిన తెల్లారి మొదలుపెట్టిండు. ఇగ మొన్ననే ఆపిండు."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకున్నది. కింద ఫ్లైఓవర్ మీద బండ్ల చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించలేదు. ఆ చప్పుడు లేకపోతే ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో అనిపించింది. అనడానికి నా దగ్గర బోలెడు మాటలుంటాయి, అందులో ఒక్కటీ అక్కడ పనికివచ్చేది కాదు. కాసేపటికి ఆమె తేరుకుని, ఇంటికి వచ్చిన మనిషిని ఏమీ అడగలేదే అని నొచ్చుకుంటున్నట్టు, మీరేం చేస్తరు సార్ అని అడిగింది.

మామూలుగా ఈ ప్రశ్నకు నా జవాబు పొడుగ్గా ఉంటుంది. సాహిత్యంలో, సినిమాల్లో మనుషుల స్వభావాన్ని లోతుగా చదవడం గురించి రెండు వాక్యాలు, 'మడత' గురించి ఒకటి.

"రిటైరైనానమ్మా" అన్నాను.